ఎర్రదారం కట్టిన డబ్బా

“గ్లాసు మీద మూత పెట్టింది నువ్వేనా?”

“నేనే, అక్కా.”

“తీసిందెవరు?”

“మేడమే. క్లాసు చెప్పొచ్చి నిలవడే తాగిన్రు. ‘ఇయ్యాల చేదు జర ఎక్కువున్నదే పిల్లా’ అన్నరు. కొద్దిసేపటికే వాంతులు షురువైనయ్. గోడలు, లైట్లు అన్నీ పసుపురంగుల కనవడుతున్నయ్ అన్నరు. ఇగ కుర్చీల నుంచి జారి కింద పడిపోయిన్రు.”

చెప్పి నిరోష మళ్ళీ ఏడుపందుకుంది. స్టేషన్‌లో ఆ గదికి ఒకటే కుర్చీ. దాన్ని నిరోషకిచ్చి డిటెక్టివ్ కృపారాణి బల్ల అంచు మీద కూర్చుంది. ఆమె చేతిలో పుస్తకం ఉండదు, పెన్నూ ఉండదు. ఎదురుగా ఎవరైనా రాసుకుంటుంటే మనిషి రాసుకోదగ్గ మాటలే చెబుతాడని, అసలు మాటలు కడుపులోనే ఉండిపోతాయని ఆమె గట్టి నమ్మకం.

కృపారాణికి నలభై దాటాయి. పదేళ్ళు ప్రభుత్వ లాబొరేటరీలో విషాలు పరీక్షించి, ఆ సీసాలతో విసుగెత్తి, తార్నాకలో ఒక జిరాక్సు షాపు మీద గది తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. చుట్టూ అన్నీ కోచింగ్ సెంటర్లే కావడంతో, డిటెక్టివ్ ఉద్యోగానికి ఇక్కడ కోచింగ్ ఇస్తారేమోనని మెట్లెక్కి వచ్చినవాళ్ళే ఎక్కువ. నిన్న సాయంత్రం మాత్రం ఆ మెట్లెక్కింది ఉప్పలమ్మ, నిరోష తల్లి. “నా బిడ్డ చీమకు గూడ విషం పెట్టదమ్మా” అని ఒక్క మాటే అంది.

విషయం ఇది. యూనివర్సిటీలో మొక్కల రసాయనశాస్త్రం చెప్పే ప్రొఫెసర్ స్నేహలత శనివారం తన ల్యాబులోనే పడిపోయింది. గుండె వేగం నలభైకి దిగిపోతే ఆసుపత్రిలో చేర్చారు. ఆదివారం మధ్యాహ్నం ఇన్‌స్పెక్టర్ భూపాల్, ఆమె దగ్గర రీసెర్చి చేస్తున్న నిరోషను అరెస్టు చేశాడు. ఇవాళ సోమవారం. మధ్యాహ్నం రెండింటికి కోర్టులో హాజరుపరిస్తే పిల్ల జైలుకు పోతుంది. చదువు, పేరు, పెళ్ళి, అన్నీ ఆ గేటు దగ్గరే ఆగిపోతాయి.

“కషాయం నువ్వే కాచినవ్?”

“రోజూ నేనే కాస్త. పొడపత్రి కషాయం. మేడంకు షుగరున్నది కదా. పది గంటలకు కాచి, మేడం టేబుల్ మీద మూత పెట్టి, తూకాలు చూసుకోనీకి బాలెన్సు రూముకు పోయిన. పదకొండు కొట్టినంక మేడం వచ్చిన్రు. ఆ నడుమ టేబుల్ కాడ ఎవ్వరు లేరు.”

“గ్లాసు కడిగింది నువ్వే.”

“రోజూ కడుగుతనే గద. విషమని నాకేమెరుక?”

“శుక్రవారం మేడం నీ మీద గట్టిగ అరిసిందట. కారిడార్ అంతా విన్నది. ఎందుకు?”

నిరోష ఏడుపు ఠక్కున ఆగింది. కళ్ళు తుడుచుకుని గోడకేసి చూసింది.

“అది నేను చెప్ప.”

“అదే నీ మెడకు ఉరి. ‘థీసిస్ మీద సంతకం పెట్టనన్నది, అందుకే చంపబోయింది’ అంటున్నడు భూపాల్.”

“థీసిస్ ముచ్చట కాదక్కా. వేరే. ‘సోమవారం యూనివర్సిటీ కమిటీ ముందర నేనే మాట్లాడుత, అప్పటిదాక ఎవ్వరికీ చెప్పొద్దు’ అని మేడం నాతోని మాట తీసుకున్నరు. ఇంటర్ తర్వాత మా నాయిన సదువు బంద్ పెట్టిస్తే, మా ఊరికి ఒచ్చి, మా అరుగు మీద కూసోని, మా నాయినను ఒప్పించిన మనిషి ఆమె. హాస్టల్ దొరకకపోతే ఆర్నెల్లు వాళ్ళింట్ల పెట్టుకున్నరు. ఆమె మాట దాటితే నాకు అన్నం సయించదు.”

కృపారాణికి కోపం రావాల్సింది. రాలేదు. ఉరితాడు కళ్ళ ముందు వేలాడుతుంటే ఇచ్చిన మాట గురించి ఆలోచించే పిల్ల విషం కలపదు, కలిపినవాడు వేరే ఉండాలి. ఆ మాట పైకి అనకుండా లేచింది.

“నీ ఫోను భూపాల్ తీసుకున్నడు. నేనేమన్న అడగాలంటే కానిస్టేబుల్ ఫోనుకు చేస్త. దగ్గర్లనే ఉండు.”

“యాడికి పోతనక్కా, లాకప్పుల ఉంటె,” అంది నిరోష. ఇద్దరికీ కాస్త నవ్వొచ్చింది.

*

ల్యాబు తలుపు దగ్గరే భూపాల్ ఎదురయ్యాడు. పోలీసుల్లో తెలివైనవాడే, అది వాడికి తెలియడమే వాడి జబ్బు. ఒకప్పుడు కృపారాణి ఇచ్చిన రిపోర్టుల మీద కేసులు గెలిచినవాడు, ఇప్పుడు ఆమె ఎదురొస్తే అపశకునంలా చూస్తాడు.

“రా కృపక్కా. ఉత్త చేతులతోని వచ్చినవ్, ఉత్త చేతులతోనే పోతవ్. కేసు కంప్లీట్.”

“అయితే చూసిపోత. టికెట్టేమన్న పెట్టినవా?”

“నీకు ఫ్రీ. అయినా అక్కా, గన్నేరుకూ నీకూ చుట్టరికం. చుట్టం మీద కేసు పడ్డదని నీకు మంట.”

ఆ మాటలో అబద్ధం లేదు. ఏడేళ్ళ వయసులో కృపారాణికి రక్తపు క్యాన్సర్ వచ్చింది. అడిక్‌మెట్‌లో ఇరుగుపొరుగు వాళ్ళు అప్పుడే పాపం అనడం మొదలుపెట్టారు. పెద్దాసుపత్రిలో చేతి నరానికి ఎక్కించిన మందు ఆమెను బతికించింది. ఆ మందు బిళ్ళ గన్నేరు ఆకుల నుంచి తీస్తారని పెద్దయ్యాక తెలిసింది. మురిక్కాలువ పక్కన కూడా పూసే ఆ చిన్న ఊదాపూల మొక్క! బళ్ళకొద్దీ ఆకు ఆరబెట్టి, దంచి, వడపోస్తే చిటికెడు మందు వస్తుందట. తన ఒంట్లో ఎన్ని పొదలున్నాయో అనుకున్నప్పుడల్లా కృపారాణికి కళ్ళు చెమరుస్తాయి. ఇప్పటికీ దారిలో ఆ పువ్వు కనబడితే చెప్పు విడిచి ఒక్క క్షణం నిలబడుతుంది. నవ్వేవాళ్ళు నవ్వుతారు.

స్నేహలత బతుకంతా ఆ గన్నేరు కుటుంబపు మొక్కలనే చదివింది. ఒక తల్లి పిల్లలే అన్నీ, బుద్ధులు మాత్రం తలో రకం. పచ్చ గన్నేరు గింజ గుండెను ఆపుతుంది. సర్పగంధి వేరు రక్తపోటు దించుతుంది. కొడిశపాల బెరడు విరేచనాలు కడుతుంది. పొడపత్రి ఆకు నమిలి పంచదార నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే ఉంటుంది, తీపి అన్నది నాలుకకు తెలియకుండా చేస్తుంది.

“చెప్పు నీ కేసు,” అంది కృపారాణి.

భూపాల్ ఉత్సాహంగా గది మధ్యకు వచ్చాడు. “మేడం రక్తంల గుండెను ఆపే మందు దొరికింది. హాస్పిటల్ల మెషిన్ చెప్పింది. ఆమె గుండె మాత్రలు ఏమీ వేసుకోదు. మరి యాడికెల్లి వచ్చింది? పచ్చ గన్నేరు గింజలకెల్లి. నిరోష షెల్ఫుల ప్లాస్టిక్ కవర్ల గింజల పొడి దొరికింది. గదో, గా డబ్బాలోదే ఆ పొడి.”

గోడకు ఆనించిన బీరువాలో వరసగా రేకు డబ్బాలు. ‘పచ్చ గన్నేరు గింజ’ అని చీటీ అంటించిన డబ్బా సగం ఖాళీగా ఉంది. లోపల చెంచాతో తవ్విన గుంట ఇంకా అలాగే ఉంది.

“కవర్ల పొడి ఈ డబ్బాలోదే అని నువ్వెట్ల చెప్తవ్?”

“రంగు అదే. మెత్తదనం అదే. డబ్బాల చెంచా గుర్తు చూడు, కవర్ల కూడా అంతే పొడి. పంచనామల రాయించిన. వంద శాతం.”

“వంద శాతమా?”

“నూటొక్క శాతం అక్కా.”

“మంచిది. ఆ మాట మీదనే ఉండు,” అంది కృపారాణి. ఆమె చూపు డబ్బా మెడ చుట్టూ కట్టిన ఎర్రదారం మీద ఉంది. బీరువాలో అలా దారం కట్టినవి ఇంకో నాలుగు డబ్బాలున్నాయి. మిగతా వాటికి లేదు. పచ్చ గన్నేరు గింజ చీటీతోనే కింది అరలో ఇంకొక డబ్బా ఉంది, దానికీ దారం లేదు.

అప్పుడే పైఅంతస్తు నుంచి దిగివచ్చాడు డాక్టర్ రత్నాకర్. అదే శాఖలో పనిచేసే లెక్చరర్. పైన పెద్ద యంత్రాల గది ఆయనది. కింద దంచి, ఉడికించి, వడపోసి తెచ్చిన సారం ఆయన యంత్రంలో పెడితే లోపలి అణువుల ఆకారం గీతలుగా తెర మీద పడుతుంది. చేతిలో స్టీలు ఫ్లాస్కు. రెండు మెట్లు దిగి ఆగి, ఛాతీ పట్టుకుని ఊపిరి పీల్చుకున్నాడు.

“ఏమనుకోకండి. నాకూ గుండె దడ ఉన్నది, మాత్రల మీదనే నడుస్తున్న. మేడం గుండె, నా గుండె రెండూ ఒక్క తీరైనయ్,” అన్నాడు నవ్వుతూ.

“సార్, ఈ దారాలేంది?” కృపారాణి అడిగింది.

రత్నాకర్ ఒకసారి బీరువా వైపు చూశాడు. “పిల్లలు కడుతుంటరు మేడం. పురుగు పట్టొద్దనో, దిష్టి తగలొద్దనో. ఈ రోజుల్ల కూడా, రీసెర్చి ల్యాబుల!”

“శనివారం పొద్దున మీరు ఈ గదిలకు వచ్చిన్రా?”

“పుస్తకం కోసం వచ్చిన. పదిన్నరకో ఏమో. ఎవ్వరు లేకుండె. బుక్కు తీసుకోని పోయిన.” ఫ్లాస్కు మూత బిగించాడు. “నన్ను పీహెచ్‌డీ చేయించిన చెయ్యి ఆమెది. నిన్న సాయంత్రం సంది నోటితోని తాగనిస్తున్నరు కదా, జావ నేనే ఇంటికెల్లి తెస్తున్న. ఆ రుణం ఇట్లనన్న తీర్చుకోవాలె. టైం అయితున్నది, పోయొస్త.”

ఆయన వెళ్ళాక భూపాల్ తల ఊపాడు. “చూడు, శిష్యుడంటే అట్లుండాలె. ఆ పిల్ల కూడా ఉన్నది, దేనికి?”

కృపారాణి కూడా ఆ మాటకు కరిగింది. ఆమె మాత్రం గన్నేరు రుణం తీర్చుకోవడానికి కాదా ఇక్కడికి వచ్చింది? రుణమనే మాట వింటే ఆమె మనసు వెన్నలా కరుగుతుంది. ఆ బలహీనత ఆమెకు తెలుసు. తెలిసీ ఏమీ చేయలేదు.

ఆమె కానిస్టేబుల్‌కు ఫోన్ చేసి నిరోషకు ఇమ్మంది. “బిడ్డా, డబ్బాలకు ఎర్రదారం ఎందుకు కడతరు?”

“అది నేను చేరినంక మేడం పెట్టిన పద్ధతక్కా. ఆల్కహాల్ల మూడుసార్లు ఉడకబెట్టి సారమంతా తీసినంక మిగిలిన పిప్పిని మేం పారేయం. ఆరబెట్టి అదే డబ్బాల పోసి దారం కడతం. సెమిస్టర్ ఆఖరి రోజు అందరం కలిసి తోటలకు పోయి, ఏ చెట్టు పిప్పి ఆ చెట్టు మొదట్ల పోసి దండం పెడతం. ఇచ్చింది తీసుకున్నం, మిగిలింది అప్పజెప్తున్నం అని. మేడం ఎప్పుడూ అంటరు, చెట్టు మనకు ఫీజు లేకుండ పాఠం చెప్తది, కనీసం థాంక్స్ చెప్పాలె కదా అని.”

“అందరంటే ఎవరెవరు?”

“ఈ ల్యాబు పిల్లలం, మేడం. అంతే. పై ల్యాబోళ్ళు రారు, వాళ్ళకు దీని సంగతే ఎరుకలేదు.”

ఫోను పెట్టేసి కృపారాణి బీరువా దగ్గరికి నడిచింది. సారమంతా పోయిన పిప్పికి దండం పెట్టే మనుషులు ఈ కాలంలో కూడా ఉన్నందుకు ఆమెకు లోపల ఎంతో హాయిగా అనిపించింది. ఆ హాయిలోనే బుర్ర కూడా చకచకా పనిచేయసాగింది.

“భూపాల్ సాబ్, బయట తోటల పచ్చ గన్నేరు చెట్టున్నది. రెండు కాయలు తెంపుక రా. పాలు కారుతయ్, చేతులకు, మొఖానికి అంటకుండ చూసుకో.”

“నేనా?”

“కాదు, కమిషనర్ గారిని పిలుస్త.”

ఇన్‌స్పెక్టర్ గొణుక్కుంటూ పోయి, జేబురుమాల్లో కాయలు చుట్టుకుని, వాటిని పాము పిల్లల్లా దూరంగా పట్టుకుని వచ్చాడు. అంతలో కృపారాణి గ్లవ్స్ తొడుక్కుని పరీక్షకు సిద్ధం చేసింది. పాత ఉద్యోగంలో వందలసార్లు చేసిన పరీక్షే. కాయలోని గింజను దంచి ఆల్కహాల్‌లో నానబెట్టి వడకట్టింది. ఎర్రదారం డబ్బాలోని పొడిని మరో గొట్టంలో అలాగే చేసింది. రెండింటిలోనూ ఇనుప లవణపు చుక్క కలిపిన ఎసిటిక్ యాసిడ్ పోసి, గొట్టాన్ని వంచి పట్టుకుని, గంధకామ్లాన్ని గోడ వెంబడి మెల్లగా జార్చింది.

“ఇప్పుడు చూడు. గుండెను ఆపే సరుకులో ఒక రకం చక్కెర ముక్క ఉంటది. అది ఉంటే రెండు పొరల నడుమ గోధుమరంగు ఉంగరం కడతది. పైపొర మెల్లగ నీలి ఆకుపచ్చకు తిరుగుతది.”

మొదటి గొట్టంలో ఉంగరం కట్టింది. ముదురుగా, స్పష్టంగా, ఎవరో గీసినట్టు. కాసేపటికి పైన ఆకుపచ్చ కూడా కమ్మింది.

రెండో గొట్టంలో ఏమీ లేదు. భూపాల్ వంగి చూశాడు. కళ్ళు నులుముకుని చూశాడు. గొట్టం వెలుతురుకు పెట్టి చూశాడు. లేని ఉంగరం ఎక్కడి నుంచి వస్తుంది?

“పొడి పాతదేమో,” అన్నాడు చివరికి.

“పాతది కాదు, పీల్చేసింది. పచ్చ గన్నేరు గింజే, అనుమానం లేదు. కానీ సారమెల్లిపోయిన టీపొడి అసోంటిది. దీంతోని ఎలుక కూడా చావదు. కవర్ల పొడి ఇదే డబ్బాలోది నూటొక్క శాతం అన్నవ్. పంచనామల రాయించినవ్.”

“రాయించిన,” అన్నాడు భూపాల్, నిమ్మకాయ కొరికిన మొహంతో.

“దారం అంటే ఏందో నిరోషకు తెలుసు. విషం కావాలంటే దారం లేని డబ్బాకు పోతది, కింది అరల నిండుగ ఉన్నది. పిప్పి డబ్బాల చెయ్యి పెట్టినోడు ఈ పద్ధతి తెల్వనోడు. ఆ పిల్ల షెల్ఫుల దాచింది వాడే.”

భూపాల్ అంత తేలిగ్గా లొంగే రకం కాదు. “సరే అక్కా, పొడి ఉత్తదే అనుకో. మేడం రక్తంల విషం ఉత్తదా? మెషిన్ అబద్ధం చెప్పిందా?”

“మెషిన్ అబద్ధం చెప్పలే. నువ్వు సగమే విన్నవ్. పొద్దున నేను హాస్పిటల్‌కు పోయిన. డ్యూటీ డాక్టర్‌తోని మాట్లాడిన. ఆ మెషిన్ కొలిచేది డిగాక్సిన్‌ని. అది గుండె మాత్ర. ఎక్కడో చలిదేశపు పూలమొక్క నుంచి తీస్తరు. గన్నేరు విషం దానికి వరసైన చుట్టం కాబట్టి మెషిన్ దాన్ని కూడా కొద్దిగ గుర్తుపడతది. కొద్దిగనే. గన్నేరు తిన్న మనిషి చావు బతుకుల మీదున్నా మెషిన్ చిన్న నంబరే చూపెడతది. మేడంకు శనివారం వచ్చిన నంబర్ మెషిన్ చివరి గీత దాటింది. అంత రావాలంటే డిగాక్సినే పడాలె. మాత్రలు నూరి చేదు కషాయంల కలిపిన్రు. గన్నేరు ల్యాబుల గన్నేరు పొడి పెడితే పోలీసోళ్ళు మాత్రల దిక్కు చూడరని వాడికి తెలుసు.”

“మాత్రలు ఆ పిల్ల కూడా కొనొచ్చు కదా?”

అదే ప్రశ్న కృపారాణినీ కుడుతోంది. గన్నేరు నిర్దోషి అని తేలింది. నిరోష నిర్దోషి అని ఇంకా తేలలేదు. అనుమానం మీద పిల్లను రెండింటికి కోర్టుకు తీసుకుపోవడానికి భూపాల్‌కు ఇంకా హక్కుంది. గోడ గడియారంలో పన్నెండు దాటింది. ఆమె మళ్ళీ స్టేషన్‌కు ఫోన్ చేసింది.

“నిరోషా, ఒక్కటే అడుగుత. శుక్రవారం మేడం ఎందుకరిసింది?”

“అక్కా, మాట ఇచ్చిన...”

“మేడం ప్రాణం పోతే ఆ మాట ఎవరికప్పజెప్తవ్? సోమవారం కమిటీ అన్నరు. ఇయ్యాల సోమవారమే. ఆమె మంచం మీదున్నది. ఆమె చెప్పాల్సిన మాట నువ్వు చెప్తే అది మాట దాటినట్టు కాదు, మాట మోసినట్టు.”

అవతల నుంచి సన్నని గొంతు వచ్చింది.

“కొడిశపాల బెరడుల నేనొక కొత్త పదార్థం పట్టిన అక్కా. మూడేండ్ల పని. గీతలు తీయించనీకి రత్నాకర్ సారుకిచ్చిన. సారు దాన్ని తన పేరు మీద బెంగుళూరు సభల చదివిండు. నాకు ఎరుకైతే నేను ఊకున్న, పెద్దసారు కదా అని. మేడంకు శుక్రవారం తెలిసింది. ‘ఎందుకిచ్చినవ్, నాకెందుకు చెప్పలే’ అని నన్ను అరిసిన్రు. సోమవారం కమిటీ ముందర సారుతోనే ఒప్పిస్త అన్నరు. సారుకు కూడా ఫోన్ చేసి చెప్పిన్రు.”

కృపారాణి ఫోను స్పీకర్ మీద పెట్టింది కాబట్టి భూపాల్ కూడా విన్నాడు. ఇద్దరి చూపులూ ఒకేసారి మెట్ల మీదికి పోయాయి. గుండె దడ. మాత్రల మీదనే నడుస్తున్న. పుస్తకం కోసం పదిన్నరకు వచ్చిన. ఎవ్వరు లేకుండె.

రుణమనే మాట విని వెన్నలా కరిగిన తన మనసును కృపారాణి అక్కడే నాలుగు తిట్లు తిట్టుకుంది.

“అది ఉద్దేశం అక్కా, సాక్ష్యం కాదు,” అన్నాడు భూపాల్. కానీ ఆ గొంతులో ఇదివరకటి పొగరు లేదు. “కోర్టుల నిలబడదు.”

అప్పుడే ఆమె ఫోను మోగింది. ఆసుపత్రిలో స్నేహలతను చూసుకుంటున్న నర్సు వాసంతి. పొద్దున కృపారాణి ఆమెను బతిమాలి వచ్చింది, ఇవాళ్టి రక్తపరీక్ష ఫలితం రాగానే చెప్పమని.

“మేడం, రిపోర్టొచ్చింది. డాక్టర్ సాబ్ పరేషాన్ల ఉన్నరు. నిన్న మధ్యాహ్నం తగ్గింది కదా నంబర్? ఇయ్యాల పొద్దున తీసిన దాంట్ల మళ్ళ పెరిగింది. శనివారానికి దగ్గరదాక పోయిందట. మెషిన్ ఖరాబైందా అని మళ్ళ చేయిస్తున్నరు.”

కృపారాణి చటుక్కున భూపాల్ వైపు తిరిగింది.

“ఆ మందు ఒంట్ల నుంచి మెల్లగ దిగుడే గానీ దానంతట అది ఎక్కదు. నిన్న మధ్యాహ్నం దిగింది. రాత్రి ఎవరో మళ్ళ పోసిన్రు. నిన్న మధ్యాహ్నం సంది నిరోష ఎక్కడున్నది, సాబ్?”

భూపాల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

“నా లాకప్పుల,” అన్నాడు. తర్వాత, పదిహేనేళ్ళ పరిచయంలో మొట్టమొదటిసారి, “థాంక్సక్కా. ఆ పిల్లను జైలుకు పంపిన పాపం నాకు తగలకుండ చేసినవ్,” అన్నాడు. అని జీపు తాళాల కోసం జేబులు తడుముకుంటూ పరుగెత్తాడు.

కృపారాణి ఫోను చెవికి అదుముకునే వెనక పరుగెత్తింది. “వాసంతీ, రత్నాకర్ సారు వచ్చిండా?”

“వచ్చి చానాసేపయింది మేడం. జావ గ్లాసుల పోసి ప్రొఫెసర్ మేడం చేతికిచ్చి, మందులు తేనీకి కిందికి పోయిన్రు.”

“మేడం తాగిందా? చెప్పు, తాగిందా?”

“లేదు మేడం, తాగలే.”

“దేవా, స్తోత్రం!” కృపారాణి జీపు తలుపు పట్టుకుని నిలబడిపోయింది. ఏడేళ్ళప్పుడు అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని అన్న మాట, తన నోటి నుంచి అదే గొంతుతో వచ్చింది. ఇంతమందిని చదివించిన మనిషి, పిప్పికి కూడా దండం పెట్టించిన మనిషి బతికి ఉంది. అంతకంటే ఏం కావాలి?

“నోటికి సయిస్తలేదన్నరు మేడం,” వాసంతి చెప్పుకుపోతోంది. గొంతు నిండా సంతోషం. “‘రెండు రాత్రుల సంది నన్ను కంటికి రెప్ప లెక్క చూసుకుంటున్నవ్ బిడ్డా, పొద్దటి సంది నువ్వేం తినలే, నీ రుణం నేనెట్ల తీర్చుకోవాలె, ఇది నువ్వన్న తాగు’ అని నా చేతుల పెట్టిన్రు. ఎంత వద్దన్నా ఇనలే. అంత పెద్ద మేడం అట్లంటే నాకు ఏడుపొచ్చింది. ఎవ్వరంటరు మేడం అట్ల, నర్సులతోని?”

జీపు ఇంజను అంటుకుంది. కృపారాణి ఎక్కలేదు.

“తాగినవా?”

“మొత్తం తాగిన. ఇంగువ ఏసినట్టున్నరు, జర చేదున్నది. ఎందుకు మేడం?”

“వాసంతీ, నేను చెప్పేది నిదానంగ విను. భయపడకు. నువ్వున్నది ఆసుపత్రిలనే, విరుగుడు మందు చేతికందే దూరంల ఉన్నది. ఇప్పుడే డాక్టర్ దగ్గరికి పో. డిగాక్సిన్ తాగిన అని చెప్పు. మేడం గదికి తలుపేయించు. ఎవ్వర్నీ...”

“ఒక్క నిమిషం మేడం,” అంది వాసంతి. ఫోను కాస్త పక్కకు జరిగిన చప్పుడు. అవతల ఎవరో ఆప్యాయంగా ఏదో అడుగుతున్నారు. మళ్ళీ ఆమె గొంతు దగ్గరికొచ్చింది, అమాయకంగా, నవ్వుతూ.

“రత్నాకర్ సారొచ్చిన్రు మేడం. గ్లాసు ఖాళీ అయిందా అని అడుగుతున్నరు.”